హెచ్ వన్ వీసా మీద కయోటీ వేట: నా అనుభవం

మొన్న శనివారం పొద్దున ఏడుంబావుకి మొదటి కయోటీని కొట్టాను. ఆ ముచ్చట ఆఖర్న చెబుతాను. ముందు చెప్పాల్సింది ఆ రైఫిల్ నా చేతికి రావడానికి పట్టిన నెలన్నర గురించి. ఇంకా కడుపులో మండుతూనే ఉంది, చల్లారక ముందే రాసేస్తున్నా.

కయోటీ తెలియని వాళ్ళ కోసం: మన నక్కకి పెద్దన్న, తోడేలుకి తమ్ముడు అనుకోండి. పాతిక ముప్పై పౌన్లుంటుంది. అమెరికాలో హవాయి తప్ప అది లేని రాష్ట్రం లేదు. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అపార్ట్‌మెంట్ వెనక వాకింగ్ ట్రాక్ మీద కూడా తెల్లవారుజామున తోక వేలాడేసుకుని పోతుంటుంది. మనవాళ్ళు కుక్క అనుకుని ఫోటోలు తీస్తుంటారు.

నాకీ పురుగు ఎక్కింది మేకల వల్ల. డికేటర్ దాటాక ఒక పెద్దాయన మేకలు పెంచుతాడు. దసరాకీ సంక్రాంతికీ మా బ్యాచ్ మొత్తం ఆయన దగ్గరే మేకని కొనుక్కుని పంచుకుంటాం, నాలుగేళ్ళ అలవాటు. డిసెంబరు మొదట్లో వెళ్తే ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నాడు. వారంలో మూడు మేకపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోయాయట. కాపలాకున్న గ్రేట్ పిరనీస్ కుక్కకి వయసైపోయింది, అరుస్తుందే గానీ లేవదు. "నాకు కళ్ళు ఆనడం లేదు, కుర్రాడివి, నువ్వొచ్చి కొట్టరాదూ" అన్నాడు. ఆయన సరదాకే అని ఉంటాడు. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు. కనిగిరి దగ్గర మా ఊళ్ళో మేకల దొడ్డి పక్కనే నులక మంచం వేసుకుని, తలకింద కర్ర పెట్టుకుని పడుకునేవాడు. నక్క కూత వినపడితే చాలు, నిద్రలోనే "ఓయ్" అని ఒక్క కేక పెట్టేవాడు. ఇవాళ అక్కడ నక్కని కొడితే వన్యప్రాణుల చట్టం కింద లోపలేస్తారు. టెక్సస్‌లో కయోటీకి సీజనంటూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. ప్రైవేటు స్థలమైతే రాత్రి కూడా కొట్టొచ్చు.

ఇక్కడ కొత్తవాళ్ళకి అన్నిటికన్నా కష్టం స్థలం దొరకడం. భూమి తొంభై శాతానికి పైగా ప్రైవేటుదే, ముక్కూ మొహం తెలియనివాణ్ణి తుపాకీతో ఎవడు రానిస్తాడు? ఆ గండం నాకు లేదు. నక్క తోక తొక్కానని పొంగిపోయాను.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు రెండు సాయంత్రాల్లో అయిపోయింది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటాడాలంటే అది చేసి తీరాలి. 17 ఏళ్ళు నిండితే అంతా ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు.

లైసెన్సు దగ్గర పప్పులో కాలేశాను. పెద్దాయన చెప్పాడు: మేకల మీద పడిన, పడబోతున్న కయోటీని కొట్టడానికి టెక్సస్‌లో ఉండేవాళ్ళకి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదని. నిజమే, ఇంటికొచ్చి చూశాను, అలాగే ఉంది. పాతిక డాలర్లు మిగిలాయి కదా అనుకున్నాను. ఆ పాతిక డాలర్ల పిసినారితనం నన్ను ఊళ్ళో తలెత్తుకోనివ్వకుండా చేసింది.

శుక్రవారం సాయంత్రం ఒక పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాను. పేరెందుకు లెండి. గన్ కౌంటర్లో కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. టూ ట్వంటీ త్రీ బోల్ట్ యాక్షన్ అడిగాను, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే రైఫిల్. టూ ట్వంటీ త్రీ అనేది తూటా సైజు, కయోటీకి అది సరిపోతుందని అందరూ చెబుతారు. వాడు రైఫిల్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, లోపల ఖాళీ అని చూపించి నా చేతికిచ్చాడు. చల్లగా ఉంది, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. భుజానికి ఆనించుకుని ఎదురు గోడ మీద జింక తలకేసి గురి చూస్తున్నాను. ఈలోగా వాడు నా డ్రైవింగ్ లైసెన్సు తిరగేశాడు. దాని మీద "లిమిటెడ్ టర్మ్", అంటే వీసా గడువు దాకానే చెల్లుతుందని ఉంటుంది కదా, ఆ రెండు మాటలు ఎన్ని చోట్ల పరువు తీస్తాయో హెచ్ వన్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. "ఏంటిది?" అన్నాడు. "వర్క్ వీసా" అన్నాను. అంతే, కౌంటర్ మీదుగా వంగి రెండు చేతులతో రైఫిల్ లాక్కున్నాడు. లాక్కున్నాడు అని తెలిసే రాస్తున్నాను. పసివాడి చేతిలోంచి కత్తెర గుంజుకున్నట్టు. పక్కన తూటాలు కొంటున్న ఇద్దరు ఒక అడుగు వెనక్కి వేశారు.

నా కోర్సు సర్టిఫికెట్ చూపించాను. "వీసా వాళ్ళకి అమ్మం" అన్నాడు, ఆ ఒక్క ముక్కే మూడుసార్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూర్చుని చదివితే తెలిసింది అసలు సంగతి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్ వన్ లాంటి వీసా మీద వచ్చినవాడు తుపాకీని గానీ తూటాని గానీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందులో మనలాంటి వాళ్ళకి పనికొచ్చేది ఒక్కటి: అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండాలి. అంటే కయోటీని కొట్టడానికి నాకు లైసెన్సు అక్కర్లేదు, దాన్ని కొట్టే తుపాకీ ముట్టుకోవడానికి కావాలి. పెద్దాయనకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు, ఆయన పుట్టిందే ఇక్కడ. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీతో కాల్చినా ఇదే లెక్క. మనవాళ్ళు బర్త్‌డేలకి రేంజికి పోయి ఫోటోలు పెడుతుంటారు. ఎంతమందికి తెలుసో!

పాతిక డాలర్లు కట్టి లైసెన్సు తీసుకున్నాను. ఆఫీసులో ఒక తమ్ముడు ఉచిత సలహా ఇచ్చాడు: "అన్నా, వీసా ఉందా అన్నచోట నో అని కొట్టేయ్, ఎవడు చూస్తాడు?" ఇలాంటి వాళ్ళ మాట వినే గ్రీన్ కార్డులు పోగొట్టుకునేది. తుపాకీ కొనేటప్పుడు కొట్లో నింపే ఫారం 4473 మీద అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. మన బతుకంతా కాగితాల మీద నిలబడినప్పుడు ఒక్క కాగితం మీద కూడా అబద్ధం ఉండకూడదు. వాడికి చెప్పాను, నవ్వాడు. ఎప్పుడో ఏడుస్తాడు.

పంతం కొద్దీ మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను. అక్కడికెళ్ళడం నా బుద్ధి తక్కువ. అదే కుర్రాడు. లైసెన్సు చూపించి, చట్టం ప్రింట్ తీసిన కాగితం ముందు పెట్టాను. వాడు చదవలేదు. మేనేజర్ని పిలవడానికి మైకులో "గన్ కౌంటర్లో వీసా కస్టమర్" అని కేకేశాడు. షాపంతా విన్నది. మేనేజర్ వచ్చి, కాగితం పట్టుకుని లోపలికి పోయి, ఎవరికో ఫోన్ చేస్తూ యాభై నిమిషాలు కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరూ నన్ను దాటుకుని కొనుక్కుని పోతున్నారు. నేను పక్కన నిలబడి ఉన్నాను, బడిలో గోడ కుర్చీ వేసినట్టు.

అప్పుడొచ్చారు మా అపార్ట్‌మెంట్ అంకుల్, ఆంటీ. కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలుండి పోయే రకం. మనవడికి గాలం కర్ర కొనడానికట. "ఏం బాబూ, నువ్వూ చేపలకేనా?" అన్నాడు అంకుల్. నేను నోరు తెరిచేలోపు కౌంటర్ కుర్రాడు నన్ను చూపిస్తూ ఇంకెవరితోనో "ఇతని గురించే, క్లియర్ అవ్వలేదింకా" అన్నాడు. ఆంటీ నన్నూ, వెనక వరసగా నిలబెట్టిన తుపాకుల్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నేను జన్మలో మరిచిపోను.

మేనేజర్ బయటికొచ్చి చట్టం సరే అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే, "కానీ మీ డ్రైవింగ్ లైసెన్సు మీదున్న అడ్రస్ ఇప్పటిది కాదు కదా" అన్నాడు. ఆగస్టులో ఇల్లు మారాను, మార్పించలేదు. ప్రస్తుత అడ్రస్‌తో ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఇంకోటి కావాలి. హంటింగ్ లైసెన్సు పనికొచ్చేదే, కానీ అది డ్రైవింగ్ లైసెన్సు చూపించి తీసుకున్నాను, దాని మీదా పాత అడ్రసే. ఇదొక్కటి రాసిపెట్టుకోండి: ముందు అడ్రస్ మార్చుకుని, ఆ తర్వాతే హంటింగ్ లైసెన్సు తీసుకోండి. నేను చివరికి కారు రిజిస్ట్రేషన్ అడ్రస్ మార్పించి ఆ కాగితంతో బయటపడ్డాను.

ఆదివారం గుళ్ళో మా ఆవిడని ఆంటీ పక్కకి పిలిచి అడిగిందట: "అమ్మా, మీ ఆయన గన్ను కొంటున్నాడట, ఇంట్లో ఏమన్నా గొడవలా?" మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ లిఫ్టులో నేనెక్కితే ఒకాయన నెక్స్ట్ దానికి ఆగుతాడు.

మూడోసారి పెద్ద షాపుల జోలికి పోలేదు. డికేటర్ దారిలో ఒక చిన్న తుపాకుల కొట్టు ఉంది. ఓనరు ముసలాయన, చెవికి మిషను. వీసా అనగానే ఆయన మొదటి ప్రశ్న: "హంటింగ్ లైసెన్సు తెచ్చావా?" ఆ మాట వింటే కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. చిన్న కొట్లకే వెళ్ళండి, నా మాట వినండి. నాలుగు డాలర్లు ఎక్కువైనా మనిషిని మనిషిలా చూస్తారు. ఫారంలో ఐ-94 నంబరు వేయాలి, అమెరికాలో దిగినప్పటి ఎంట్రీ రికార్డుది, 11 అక్షరాలు. కంగార్లో సున్నాని ఇంగ్లీషు ఓ అనుకుని వేశాను. ఆయన కొట్టేయనివ్వలేదు, కొత్త ఫారం ఇచ్చి మొదటినుంచి రాయమన్నాడు. కొనేవాడికి అమ్మొచ్చా లేదా అని ఎఫ్‌బీఐ చేసే తనిఖీలో "డిలేడ్" అని వచ్చింది. అంటే వద్దన్నట్టు కాదు, ఇంకా చూస్తున్నామని. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆయన మాత్రం "నీ మంచికే చెబుతున్నా, జవాబు రానీ" అన్నాడు. నాలుగో రోజు "ప్రొసీడ్" వచ్చింది. కాలర్ ఎగరేసుకుంటూ పోయి తెచ్చుకున్నాను. రైఫిల్ కన్నా ముందు తాళం పెట్టే ఇనప బీరువా కొన్నాను, లేకపోతే ఇంట్లోకి రానివ్వనంది మా ఆవిడ.

వేట సంగతికొస్తే, మొదటి మూడు శనివారాలు సున్నా. కుందేలు చస్తూ అరిచే గొంతు తెప్పించే చిన్న కాల్ ఒకటుంది, నోట్లో పెట్టుకుని ఊదాలి. ఇంట్లో ఊదితే మా పాప ఏడ్చింది, అంటే బాగా వచ్చినట్టే. చీకటి ఉండగానే పొదల్లో కూర్చోవడం, ఊదడం, ఇరవై నిమిషాల్లో ఏదీ రాకపోతే చోటు మార్చడం. రెండోవారం ఊది ఊది పెదాలు వాచి, లేచి వెనక్కి తిరిగితే మెత్తటి మట్టిలో అడుగులు, నా వీపుకి ముప్పై గజాల్లో. గాలి నా మీంచి వీస్తున్న వైపుకి చుట్టు తిరిగి వచ్చింది, నా వాసన చూసుకుంది, దాని దారిన అది పోయింది. కయోటీ చెవిని నమ్మి వస్తుంది, ముక్కుని అడగందే దగ్గరికి రాదు. ఇక్కడివాళ్ళు గాలి చూడ్డానికి పౌడర్ సీసా కొంటారు. నేను కారు డ్యాష్‌బోర్డులో ఉన్న శ్రీశైలం విభూతి చిటికెడు వదులుతున్నాను. బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

మొన్న శనివారం గాలి మొహానికి కొడుతోంది. గడ్డి మీద మంచు. మూడోసారి ఊది ఆపానో లేదో, ఎండు చెరువు గట్టు మీంచి ఒకటి పరుగున దిగింది. పరుగులో కాల్చొద్దని, చిన్నగా మొరిగితే ఆగి చూస్తుందని అందరూ చెప్పారు. సమయానికి నా నోట్లోంచి మొరుగు రాలేదు, "ఓయ్" అని వచ్చింది, అచ్చం మా తాత కేక. తొంభై గజాల్లో టక్కున ఆగి నావైపు చూసింది. కాల్చాను.

దగ్గరికి వెళ్తే అనుకున్నంత పెద్దది కాదు. బొచ్చు కింద అంతా ఎముకలే. కాసేపు ఏం మాట్లాడాలనిపించలేదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని, రేబిస్ ఉండొచ్చని పెద్దాయన ముందే చెప్పాడు. ఆయనే పికప్‌లో వచ్చి, బూటు కొసతో దాని దవడ తెరిచి పళ్ళు చూసి, "ముసలిది, పరిగెత్తలేకే పిల్లల మీద పడింది" అన్నాడు. ఉగాదికి మేక ధరలో ఇరవై డాలర్లు తగ్గిస్తానన్నాడు. మిగతావి ఇంకా ఉన్నాయి, రాత్రి మళ్ళీ కూశాయట.

ఒక్క విషయం మిగిలింది. హంటింగ్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున కొత్తది చేతిలో లేకపోతే బీరువాలో ఉన్న రైఫిల్ కూడా నేరమే. కొత్తవి ఆగస్టు 15న అమ్మకానికి పెడతారు. ఫోన్లో ఆ తేదీకి అలారం పెట్టుకున్నాను. మా ఆవిడ చూసి, "ఈసారి జెండా వందనానికి వెళ్తున్నారా?" అంది.