ఎంజీబీ కార్బొరేటర్లకు గాలి దారి: ఇప్పటిదాకా అయిన పని

ముందు స్పార్క్ ప్లగ్‌ల సంగతి చెప్పాలి, ఎందుకంటే దారి చూపించినవి అవే. ఒకటి, రెండు సిలిండర్ల ప్లగ్‌లు బిస్కెట్ రంగులో శుభ్రంగా ఉన్నాయి. మూడు, నాలుగు మాత్రం నల్లగా, ముట్టుకుంటే వేలికి మసి అంటేలా ఉన్నాయి, అంటే అక్కడ పెట్రోల్ ఎక్కువవుతోంది. బండి 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, పైకప్పు తీసేయగలిగే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజన్, గాలిలో పెట్రోల్ కలిపి పంపడానికి ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు రెండు. 3,500 ఆర్‌పీఎం దాకా హాయిగా లాగుతుంది. ఆ పైన యాక్సిలరేటర్ ఎంత తొక్కినా గోల పెరుగుతుంది గానీ పికప్ రాదు.

ఈ ఇంజన్ హెడ్‌లో ఇన్‌టేక్ పోర్టులు, అంటే గాలీ పెట్రోలూ లోపలికి వెళ్లే దారులు, నాలుగు కాదు, రెండే. ఒకటీ రెండూ సిలిండర్లు ఒక పోర్టును, మూడూ నాలుగూ ఇంకో పోర్టును పంచుకుంటాయి. ముందు కార్బొరేటర్ ప్రధానంగా మొదటి జంటకు, వెనక కార్బొరేటర్ రెండో జంటకు అందిస్తుంది. కార్బొరేటర్లను హెడ్‌కు కలిపే మ్యానిఫోల్డ్‌లో రెంటినీ కలిపే బ్యాలెన్స్ పైపు ఉంది కాబట్టి పూర్తిగా విడివిడి అనలేం. అయినా మసి ఇంత స్పష్టంగా ఒకవైపే ఉంటే ముందుగా అనుమానించాల్సింది వెనక కార్బొరేటర్‌నే. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఇదే బీ సిరీస్ కుటుంబం. విజయవాడలోనో వరంగల్‌లోనో పాత అంబాసిడర్ హెడ్ విప్పిన మెకానిక్‌లకు ఈ పోర్టుల అమరిక కొత్తేమీ కాదు.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా గాలిలో పెట్రోల్ పాలు మార్చే మిక్స్చర్ నట్టు మీద పడతారు. అది తొందరపాటని నా గట్టి అభిప్రాయం. ఎస్‌యూలో పెట్రోల్ ఎంత రావాలో తేల్చేది గాలే. గాలి దారి సరిగా లేకుండా నట్టు తిప్పితే ఐడ్లింగ్‌లో బాగానే ఉంటుంది, రోడ్డెక్కాక మళ్లీ మొదటికొస్తుంది.

దీని పనితీరు తెలిస్తే మిగతాదంతా తేలిక. కార్బొరేటర్ గొంతులో ఒక పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది. దాని అడుగున సన్నగా కోసుగా ఉన్న సూది, పెట్రోల్ వచ్చే రంధ్రమైన జెట్‌లోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది సన్నటి భాగం జెట్‌లోకి వస్తుంది, పెట్రోల్ ఎక్కువ వస్తుంది. పిస్టన్‌ను పైనుంచి కప్పే మూత, అంటే డాష్‌పాట్‌లో ఇంజన్ లాగే వాక్యూమ్ ఉంటుంది, పిస్టన్ వెడల్పు భాగం కింద మాత్రం బయటి గాలి ఒత్తిడి ఉండాలి. ఈ రెండు ఒత్తిళ్ల తేడాకే అది లేస్తుంది. ఆ బయటి గాలి లోపలికి వచ్చేది ఎక్కడినుంచంటే, ఎయిర్ ఫిల్టర్ బిగించే ఫ్లాంజ్ మీదున్న చిన్న రంధ్రాల గుండా. వాటిని మూసేస్తే పిస్టన్ లేవాల్సినంత లేవదు. గొంతు ఇరుకుగానే ఉండిపోతుంది, జెట్ మీద లాగుడు పెరుగుతుంది, మిక్స్చర్ చిక్కబడుతుంది.

నా బండికి పాత ఓనర్ వేయించిన పల్చటి గుండ్రటి క్రోమ్ పాన్‌కేక్ ఎయిర్ ఫిల్టర్లు ఉన్నాయి. వాటిని విప్పాక కంటి అంచనా మీద వదలకుండా ఒక చిన్న పని చేశాను. ఫ్లాంజ్ మీద పల్చటి తెల్ల కాగితం అదిమిపెట్టి, పెన్సిల్ పక్కగా పట్టుకుని రుద్దాను. గొంతు అంచు, బోల్టు రంధ్రాలు, గాలి రంధ్రాలు అన్నీ కాగితం మీద అచ్చు పడ్డాయి. దాని మీద ముందు కార్బొరేటర్ గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య గాలి కారకుండా పెట్టే అట్ట) పెడితే అన్నీ సరిపోయాయి. వెనక దాని గ్యాస్కెట్ ఉన్నది ఉన్నట్టు పెడితే బోల్టు రంధ్రాలు కలిశాయి గానీ గాలి రంధ్రాల చోట మందపాటి గ్యాస్కెట్ కాగితమే ఉంది. తలకిందులుగా బిగించారన్నమాట. ఎటు తిప్పినా బోల్టులు పడతాయి కాబట్టి చూసినవాళ్లకు అనుమానం రాదు. గ్యాస్కెట్ మీద ఆ రంధ్రాల గుర్తులు గుండ్రంగా దిగబడి కనిపించాయి. చాలాకాలంగా ఇలాగే నడిచిందని దాంతో తెలిసింది.

ఇదొక్కటే సరిచేసి తిప్పి చూడొచ్చు. కానీ చేతిలో పడ్డాక మొత్తం చూడాలనిపించింది. డాష్‌పాట్లు విప్పి పెట్రోల్‌తో కడిగాను. రెండు కార్బొరేటర్ల డాష్‌పాట్లు, పిస్టన్లు ఒకదానివి ఒకదానికి మార్చకూడదు, అవి జతగా సరిచేసినవి. డ్యాంపర్ (పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా నూనెలో ఆపే కడ్డీ) తీసి, పిస్టన్ రంధ్రాలు మూసి, తలకిందులుగా పట్టుకున్నప్పుడు డాష్‌పాట్ కిందికి జారడానికి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. రెండూ ఆ లెక్కలోనే ఉన్నాయి. పిస్టన్ల మీద ఉన్నవి ఎరుపు రంగు స్ప్రింగులు, ఎంజీబీకి ఉండాల్సినవే. డ్యాంపర్లో 20 గ్రేడ్ ఆయిల్ పోశాను. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అందుకని రబ్బరు పైపులు కూడా దానికి తట్టుకునేవి మార్చాను.

స్కిన్నర్స్ యూనియన్ అనే పేరులోంచే ఎస్‌యూ వచ్చింది. కంపెనీ పెట్టింది 1910లో. స్కిన్నర్ల కుటుంబానిది చెప్పుల వ్యాపారం, తొలి కార్బొరేటర్లలో ఇప్పటి పిస్టన్ చేసే పనిని తోలు తిత్తి చేసేది. ఇది తెలిసిన దగ్గర్నుంచి డాష్‌పాట్ విప్పినప్పుడల్లా నాకు ఆ తిత్తి గుర్తొస్తుంది.

ఇక ఫిల్టర్లు. హెచ్‌ఎస్4 గొంతు వ్యాసం ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. దాని అంచు పదునుగా ఉంటుంది. గాలి ఆ అంచు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరగలేక గోడను వదిలేస్తుంది, గొంతు ఉన్నదానికంటే ఇరుకైనట్టు అవుతుంది. అందుకే గుండ్రటి అంచున్న స్టబ్ స్టాక్‌లనే చిన్న అల్యూమినియం గొట్టాలు గొంతు మూతికి బిగిస్తారు. అవి కొనేటప్పుడు వాటిలోనూ గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడాలి. నేను అదే పెన్సిల్ కాగితం తీసుకెళ్లి పోల్చుకుని కొన్నాను.

పాన్‌కేక్ లోపలి లోతు కొలిస్తే 44 మిల్లీమీటర్లు వచ్చింది. స్టాక్ 22 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. అంటే స్టాక్ మూతికీ ఫిల్టర్ మూతకూ మధ్య మిగిలేది 22 మాత్రమే. లెక్క ప్రకారం గొంతు వ్యాసంలో నాలుగో వంతు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటేనే చుట్టుపక్కల నుంచి వచ్చే దారి వైశాల్యం గొంతు వైశాల్యానికి సమానమవుతుంది. కానీ అది కనీసం మాత్రమే. గాలి ఇబ్బంది లేకుండా తిరగాలంటే కనీసం ఒక గొంతు వ్యాసమంత ఖాళీ ఉండాలన్నది నేను పాటించే లెక్క. అందుకే 83 మిల్లీమీటర్ల లోతున్న కాటన్ ఫిల్టర్లు తీసుకున్నాను, ఇప్పుడు 60 దాకా ఖాళీ దొరికింది. లోతు ఫిల్టర్ కొనేముందు ఇన్నర్ వింగ్ దాకా ఎంత చోటుందో కొలుచుకోవాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి బండి ఆగి ఉన్నప్పటి కొలత చాలదు. ఒకరిని కూర్చోబెట్టి రేజ్ చేయించి, ఫిల్టర్ ఎంత కదులుతుందో చూసుకోవాలి.

బిగించేటప్పుడు వరస ఇది: మ్యానిఫోల్డ్, గ్యాస్కెట్, వేడి ఆపే బ్లాక్, గ్యాస్కెట్, హీట్ షీల్డ్, గ్యాస్కెట్, కార్బొరేటర్. ఏ ఒక్క గ్యాస్కెట్ మరిచినా అక్కడినుంచి దొంగగాలి లాగుతుంది. 1970 బండికి క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆవిరి పైపు రెండుగా చీలి కార్బొరేటర్లకు వెళుతుంది, నా దాని చీలిక దగ్గర పగులు కనిపిస్తే మార్చేశాను. అదీ గాలి దారిలో భాగమే.

ఆ తర్వాతే ట్యూనింగ్. జెట్‌లను పూర్తిగా పైకి తెచ్చి, ఆరు ముఖాల మిక్స్చర్ నట్టును పన్నెండు ముఖాలు, అంటే రెండు పూర్తి చుట్లు కిందికి దించి మొదలుపెట్టాను. ఇంజన్ బాగా వేడెక్కాక, సన్నటి రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి రెండు బుసలూ సమానంగా వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలు సరిచేశాను. గాలి మీటర్ ఉంటే మంచిదే, పైపుతోనూ బాగా కుదురుతుంది. తర్వాత పిస్టన్‌ను అడుగునున్న పిన్నుతో ఒక మిల్లీమీటర్ కన్నా తక్కువ లేపి చూడాలి. స్పీడు పెరిగి అలాగే ఉంటే మిక్స్చర్ చిక్కగా ఉంది, ఇంజన్ పడిపోతే పల్చగా ఉంది. కాసింత పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగా ఉన్నట్టు. ముందు కార్బొరేటర్‌కు పెద్దగా తిప్పాల్సిన పని పడలేదు. వెనక దానికి రెండు ముఖాలు పైకి పోవాల్సి వచ్చింది.

ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో లాగిస్తే 5,000 దాకా నిక్కచ్చిగా ఎక్కింది. మధ్యలో తడబాటు లేదు. ఆ ఆనందం మాటల్లో చెప్పలేను. కొత్త ప్లగ్‌లు నాలుగూ ఒకే రంగులోకి వస్తున్నాయి. ఇంకాస్త దూరం తిరిగాక మళ్లీ చూస్తాను.

మిగిలిన సమస్య వేడి. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కార్బొరేటర్ల కిందే ఉంటుంది. ఫిల్టర్ పక్కన థర్మామీటర్ తీగ కట్టి ట్రాఫిక్‌లో చూస్తే 60 డిగ్రీలు దాటింది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి సాంద్రత దాదాపు 12 శాతం తక్కువ. సంపాదించుకున్నదంతా అక్కడే పోతుంది. హీట్ షీల్డ్‌కు ఇంజన్ వైపు ఇన్సులేషన్ అంటించడం, గ్రిల్ వెనక నుంచి 63 మిల్లీమీటర్ల గొట్టంతో చల్లటి గాలి తేవడం తర్వాతి పని. గొట్టం ఫిల్టర్‌ను తాకకుండా ఆగడానికి బ్రాకెట్ అట్టముక్క మీద గీసి పెట్టుకున్నాను, రేకు కోయాలి.