అయిదుగురం కలిసి కూర్చోగలిగే ఆట

బోర్డ్ గేమ్ పెట్టె మీద ముందుగా కనిపించేవి మూడు అంకెలు: ఎంతమంది ఆడవచ్చు, ఎన్నేళ్లు నిండి ఉండాలి, ఎంతసేపు పడుతుంది. కొనేవారికి ఇవి అవసరమే గాని, ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ఆటను ఎంచుకోవడానికి ఇవి మాత్రమే చాలవు. చెన్నైలోని మా ఇంట్లో ఒకటో తరగతి చదివే బాబు, ఏడో తరగతి చదివే పాప, మేమిద్దరం, నెల్లూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తగారు, మొత్తం అయిదుగురం ఉంటాం. ఈ అయిదుగురిలో ఎవరికీ మధ్యలో లేచిపోవాలని అనిపించని ఆటే మాకు తగిన ఆట. బొమ్మల అందం, పెట్టె ధర, పేరు ప్రతిష్ఠలు అన్నీ ఆ తర్వాతే చూస్తాను.

ఓడినవారిని బయటకు పంపించే నియమం ఉన్న ఆటల్ని ముందే పక్కన పెడతాను. మోనోపలీలో దివాలా తీసినవారు తప్పుకోవలసిందే. ఆ తర్వాత మిగిలినవారు ఎంతసేపు ఆడినా చూస్తూ కూర్చోవాలి. ఎవరైనా ఒక స్థలం మీద ఆగి దాన్ని కొననంటే వెంటనే వేలం వేయాలని ఆ ఆట నియమావళిలోనే ఉంది. చాలా ఇళ్లలో ఈ సంగతి పట్టించుకోరు కనుక స్థలాలు అమ్ముడుపోక ఆట మరింత సాగుతుంది. తర్వాత చూడవలసింది వంతుకూ వంతుకూ మధ్య ఎదురుచూపు. 2004లో వచ్చిన టికెట్ టు రైడ్‌లో తన వంతు వచ్చినవారు రంగు కార్డులు తీసుకోవడమో, రైలు దారి వేయడమో, కొత్త టికెట్లు తీసుకోవడమో, ఏదో ఒక్క పని మాత్రమే చేయాలి. అందువల్ల అయిదుగురు కూర్చున్నా వంతు త్వరగా తిరిగి వస్తుంది. పెట్టె మీద ఎనిమిదేళ్లు నిండాలని ఉన్నా, మా బాబు వాళ్ల నాన్న పక్కన చేరి రైలుపెట్టెలు పేర్చే పని తానే తీసుకుంటాడు.

మా వంటి ఇళ్లలో భాష కూడా పెద్ద విషయమే. మా అత్తగారు తెలుగు తప్ప మరొకటి చదవరు, పిల్లలు బడిలో ఇంగ్లీషు, తమిళం నేర్చుకుంటున్నారు. కార్డు నిండా ఇంగ్లీషు వాక్యాలుండే ఆటలో ఆమె తన చేతిలోని కార్డును పక్కవారికి చూపించి చదివించుకోవాలి. అలా చూపించాక ఇక అందులో దాచుకోవడానికి ఏముంటుంది? అందుకే చదవవలసిన అక్షరం ఒక్కటి కూడా లేని ఆటలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

వాటిలో మా ఇంట్లో బాగా స్థిరపడినది కార్కసాన్. క్లాస్ యూర్గెన్ వ్రేడె రూపొందించిన ఈ ఆట 2000లో జర్మనీలో వెలువడి, మరుసటి ఏడాదే అక్కడి ప్రసిద్ధ పురస్కారమైన స్పీల్ దెస్ యారెస్‌ను అందుకుంది. ఇందులో 72 చదరపు పలకలుంటాయి. ఒక్కొక్కటిగా తీసి, దారికి దారి, కోటగోడకు కోటగోడ కలిసేలా పెడుతూపోతే బల్ల మీద ఒక ఊరు పెరుగుతుంది. పూర్తయిన కోటలో పలకకు రెండు పాయింట్లు, దారిలో పలకకు ఒకటి. పొలాల లెక్క కొంచెం చిక్కైనది కనుక చిన్నవాడు పెద్దయ్యేదాకా దాన్ని పక్కన పెట్టాం. అత్తగారు ప్రతి పలకనూ నాలుగువైపులా తిప్పి చూసి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కోసారి తన దారిని వదిలేసి మరీ మనవడి కోటకు కావలసిన చివరి గోడను పెట్టేస్తారు. “నానమ్మా, నువ్వు వాడితో పోటీ పడాలి!” అని పాప గట్టిగా అభ్యంతరం చెబుతుంది. “వాడి కోట అయిపోతే నాకూ సంతోషమే కదే” అంటారావిడ. ఆ ఉదారతను నియమాలతో అడ్డుకోవలసిన అవసరం లేదని నేను నమ్ముతాను.

అయితే అష్టాచెమ్మా దగ్గర ఆవిడ ఎవరినీ ఉపేక్షించరు. నేల మీద సుద్దముక్కతో అయిదుకు అయిదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు అరచేతిలో ఆడించి వేస్తే, అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా. ఏ పావును ముందుకు నడపాలో, దేన్ని కట్టె మీద, అంటే ఎవరూ చంపలేని గడిలో ఆపాలో, ఎవరిది చంపాలో ఆవిడ క్షణంలో తేల్చేస్తారు. మా పావులు సగం దారిలో ఉండగానే ఆవిడవి పండిపోతాయి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ తాము అందరికంటే బాగా ఆడే ఆట ఒకటి ఉండాలి, అది పెద్దవారి విషయంలో మరీ ముఖ్యం. ఇలాంటి పాత ఆటలను ఇప్పటి ఇళ్లకు మళ్లీ చేరుస్తున్న క్రీడా అనే సంస్థ 2002లో ఈ చెన్నైలోనే మొదలైంది. వైకుంఠ ఏకాదశి జాగరణ రాత్రి ఇక్కడి ఇళ్లలో పరమపదసోపానం ఆడే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. అది పూర్తిగా పందెం పడినట్లు నడిచే ఆట, ఆలోచించి తేల్చుకోవలసింది ఏమీ ఉండదు గనుక ఆ ఒక్క రాత్రికి తప్ప మేము దాన్ని తీయము.

అందరూ ఒకే జట్టుగా రోగాలతో పోరాడే ప్యాండమిక్ మంచి ఆటే. కాని అందులో బాగా తెలిసినవారు అందరి వంతులూ తామే ఆడేసే ప్రమాదం ఉంది. పైగా అది నలుగురి ఆట. కార్డుల్లో ఇంగ్లీషు కూడా ఎక్కువే.

వేసవి సెలవులకు నెల్లూరు నుంచి మా ఆడపడుచు పిల్లలు వస్తే ఎనిమిది మందికి పైనే అవుతాం. అంతమందికి రెండు జట్లుగా ఆడే ఆట కావాలి. కోడ్‌నేమ్స్ బాగుంటుంది గాని, కార్డుల మీద ఉండేవన్నీ ఇంగ్లీషు మాటలు. 2016లో వచ్చిన దాని బొమ్మల రూపంలో మాటలకు బదులు చిత్రాలుంటాయి. 20 చిత్రాలు పరిచి, జట్టు పెద్ద ఒక్క మాట, ఒక అంకె చెబితే మిగిలినవారు తమ జట్టు చిత్రాలేవో కనిపెట్టాలి. ఆ ఒక్క మాట ఏ భాషలో చెప్పినా ఆట నడుస్తుంది కనుక, ఈసారికి అదే తెప్పిస్తున్నాను. ఒక జట్టుకు పెద్దగా అత్తగారి పేరు పిల్లలు ఇప్పటికే ఖాయం చేశారు.