సాలూరు బండి కేక

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. విజయనగరం కాంప్లెక్స్‌లో బండి కదిలేముందు "గజపతినగరం, మానాపురం, రామభద్రపురం, సాలూరూ..." అని ఆయన కేక వేస్తే, టీ కొట్టు దగ్గర నిల్చున్నవాళ్లు గ్లాసులు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చేవారు. ఇంట్లో ఉప్పు తెమ్మనాలన్నా అదే గొంతు. వీధంతా వినపడుతుందని అమ్మ విసుక్కునేది.

ఆ గొంతు ఇప్పుడు హాల్లోంచి వంటింటిదాకా వెళ్లదు.

కుడిచేతి వణుకుతో మొదలైంది పార్కిన్సన్స్. పదేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చాం. మాత్ర పనిచేసే గంటలు తగ్గిపోయి, పనిచేసినప్పుడేమో ఒళ్లు మెలికలు తిరగడం మొదలయ్యాక, విశాఖలో డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ చేయించాం. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే డాక్టరు 1987లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మెదడు లోపలికి రెండు సన్నటి తీగలు, ఛాతీ పైన చర్మం కింద ఒక బ్యాటరీ పెట్టె. సెకనుకి 130 సార్లు కరెంటు కొడుతుంది. ఆన్ చేసి ఇంటికొచ్చిన రోజు నాన్న గ్లాసు నిండా టీ పోయించుకున్నారు. సాసరు వద్దన్నారు. ఒక్క చుక్క ఒలకలేదు.

కొన్ని నెలలకి మాటలు ఒకదానిమీద ఒకటి జారడం మొదలైంది. రామభద్రపురం "రాంబద్రం" అయింది. ఆపరేషన్‌కి ముందు రక్తస్రావం గురించీ, ఇన్ఫెక్షన్ గురించీ అరగంట చెప్పారు. మాట గురించి మాత్రం ఒక్క వాక్యం, "దానికి గ్యారంటీ లేదండీ" అని. తలూపేశాం. మా చూపంతా ఆ చేతిమీదే ఉంది మరి.

తీగ కొస ఉండే చోటు చిక్కుడుగింజంత. దాని పక్కనుంచే పెదాలకీ నాలుకకీ కబురు మోసే నరాలు వెళ్తాయట. కరెంటు అటు పొర్లితే మాట ముద్దవుతుంది. అలాగని నేరమంతా తీగదే అనలేం, జబ్బు కూడా గొంతుని తగ్గిస్తుంది. పైగా తగ్గినట్టు మనిషికి తెలీనివ్వదు. "అరుస్తన్నాను కదేటే!" అని గొణుగుతారు నాన్న.

సెట్టింగ్ మార్చడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఎడమవైపు కరెంటు తగ్గించారు. కుడిచేతిని ఆపేది ఆ తీగే, చాలామందిలో మాటను ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఆ వైపే. "సాలూరు బండి పిలువు నాన్నా" అన్నాను. రామభద్రపురంలో ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా వినపడింది. ఈలోగా కుడిచెయ్యి కుర్చీ చేతిమీద టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది.

"ఏది కావాలండీ మీకు?" అన్నారు డాక్టరు.

"రెండూ ఇచ్చీండి బాబూ."

ఆయన నవ్వి, రిమోట్‌లో రెండు సెట్టింగులు పెట్టిచ్చారు. స్పీచ్ థెరపీకీ పంపారు. వారానికి నాలుగు రోజులు, నాలుగు వారాలు, రోజుకో గంట. చెప్పే పాఠం ఒక్కటే: గట్టిగా! "ఆ..." అని ఊపిరి అయిపోయేదాకా సాగదీయాలి. పక్కింటి కుక్క కూడా అందుకునేది.

ఇప్పుడు రాత్రి ఎనిమిదికి తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే వేళకి నాన్న రెండో సెట్టింగ్‌కి మారతారు. ఫోను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి తొడ కింద అదిమి పెట్టుకుని మాట్లాడతారు. పెట్టేశాక మళ్లీ మొదటిదానికొచ్చి, టీ అడుగుతారు. అది వంటింట్లో అమ్మకి వినపడదు. నేను కేక వేస్తాను.