కింది అంతస్తువారి ఇంటిపేరు

మెట్ల మీద అనకూడని మాట ఒకటి అని వచ్చాను. అదే ఈ రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు. జర్మనీలోని హాలె ఊళ్ళో మేముంటున్న ఇంటి కింది అంతస్తులో షుల్ట్సె అనే ఇంటిపేరు గల మామ్మగారు ఉంటారు. సాయంత్రం ఆమె తలుపు పక్కనున్న ఇత్తడి పేరుపలకను గుడ్డతో తుడుస్తున్నారు. ఉదయం ఫోనులో చదివిన సంగతి జ్ఞాపకం వచ్చి, ఊరుకోలేక, "మీ షుల్ట్సె అనే పేరు 'షుల్ట్' అన్న మాట నుంచి వచ్చిందట, అప్పు అని అర్థమట" అన్నాను. జర్మనులో అప్పుకూ తప్పుకూ అదే మాట అన్న సంగతి, అనేసిన తరువాత గాని నాకు తట్టలేదు. ఆమె గుడ్డ మడిచి, "మా ఆయన బతికినన్నాళ్ళూ ఎవరికీ ఒక్క మార్కు బాకీ పడలేదు" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు. తలుపు మెల్లగానే వేశారు. గట్టిగా వేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

భోజనాలయ్యాక మా ఆయన పడుకున్నారు, నేను పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పేర్లకు అర్థం చెబుతామనే ఆ పేజీల మీద వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఒక పేరు, దాని కింద ఒక్క మాటలో అర్థం, ఆ పేరు ఎంతమందికి ఉందో ఒక అంకె, అడుగున రంగుల్లో ఒక వంశచిహ్నం, దానికొక ధర. ఒకరికొకరు ఏ చుట్టరికమూ లేని వేల కుటుంబాలకు, వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు కాలాల్లో వచ్చి చేరిన పేరుకు ఒకే వంశచిహ్నం ఎలా ఉంటుంది? చిహ్నం సంగతి పోనివ్వండి, కొనేవాళ్ళు కొనుక్కుంటారు. అర్థం మాటేమిటి? మాటలో మొదటి సగాన్ని పట్టుకుని, రెండో సగాన్ని వదిలేసి, ఆ పేరున్నవాళ్ళను బాకీదారుల వారసులుగా తేల్చడం, కరణంలో రణం వినిపించిందని కరణాన్ని యోధుడనడం లాంటిదే. ఆ సగం అర్థాన్ని నేను మోసుకెళ్ళి ఒక పెద్దావిడ గుమ్మంలో పడేసి వచ్చాను. ఆ పేజీ రాసినవారికి ఆమె ముఖం కనిపించలేదు, నాకు కనిపించింది.

అసలు మాట షుల్ట్‌హైస్. పాత జర్మనులో అది 'స్కుల్ద్‌హైజో'. ముందు సగం బాకీ, అంటే చెల్లించి తీరవలసినది. వెనుక సగం ఆజ్ఞాపించడం. దొరకు రావలసిన పన్నులూ చాకిరీలూ ఊరివాళ్ళకు గుర్తుచేసి రాబట్టేవాడు, చిన్న తగవులకు తీర్పరిగా కూర్చునేవాడు అన్నమాట. లాటిను దస్తావేజుల్లో ఆయన్ను 'స్కుల్టేటుస్' అని రాసేవారు. అంత పొడుగు పదవి ఊరిజనం నాలుకల మీద అరిగి షుల్ట్సె, షుల్ట్స్ అయింది. పడమట వెస్ట్‌ఫాలియా వైపు షుల్టె, తూర్పున సైలీషియా వైపు షోల్ట్స్. 2025 దాకా జర్మనీ ఛాన్సలరుగా ఉన్న ఓలాఫ్ షోల్ట్స్ ఇంటిపేరు ఇదే. పోలండులో అదే మాట 'సొవ్టిస్' అయి, ఈనాటికీ పల్లె పెద్దకు పదవి పేరుగా నిలిచి ఉంది. తెలుగును ఈ హాలె ఊళ్ళోనే, 1746లో, తొలిసారి అచ్చు వేయించిన బెంజమిన్ పాదిరీని మన పుస్తకాల్లో షుల్జ్ అని రాస్తారు. ఆయనదీ ఈ ఇంటిపేరే.

షుల్ట్స్ అనే రూపం ఒక్కటే ఈ దేశంలో ఎక్కువగా కనబడే మొదటి పది ఇంటిపేర్లలో ఉందంటే కారణం తేలికగానే అర్థమవుతుంది. పిండిమరవాడు (మ్యూలర్), కమ్మరి (ష్మిట్) లేని ఊరు లేనట్టే, పెద్ద లేని ఊరూ లేదు. 1848లో బెర్లినులో కూర్చున్న, అప్పటి జర్మను రాజ్యమైన ప్రష్యా జాతీయసభలో షుల్ట్సెలు ఎక్కువై, హెర్మన్ షుల్ట్సె అనే ఆయన తాను వచ్చిన డేలిచ్ ఊరిపేరును వెనుక తగిలించుకుని షుల్ట్సె-డేలిచ్ అయ్యాడు. డేలిచ్ మాకు దగ్గరే. మనం ఊరిపేరును ముందు పెట్టుకుంటాము, ఆయన వెనుక పెట్టుకున్నాడు. సహకార బ్యాంకులకు ఆద్యుల్లో ఒకడు ఆయనే; మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో గ్రామీణ రుణాల మీద నివేదిక రాసినప్పుడు చదివి వచ్చిన పద్ధతుల్లో ఈయనదీ ఒకటి. అప్పు అన్న మాట ఈయన్నీ వదలలేదు గాని, ఆయన జీవితమంతా చిన్న వృత్తులవాళ్ళను అప్పులబారి నుంచి తప్పించడానికే ఖర్చయింది.

ఇంతవరకూ చదివి, మునసబు అన్న మాట! అని పైకే అన్నాను. ఆ సంతోషంలో చెప్పులు వేసుకుని మెట్లదాకా వెళ్ళాను కూడా. మీ ఆయనది బాకీదారు పేరు కాదండీ, ఊరిపెద్ద పేరు, మా తాతగారి కొలువు పేరు అని చెప్పేద్దామనిపించింది. పదిన్నర దాటింది కాబట్టి ఆగాను. ఆగినందువల్ల తాతగారు గుర్తొచ్చారు.

శిస్తు వసూలు రోజుల్లో తాతగారు వీధి వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని, ఒళ్ళో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చునేవారు. నాకు ఏడేళ్ళుంటాయేమో. ఒకనాడు తలయారి ఒక ఇత్తడి బిందె తెచ్చి అరుగు మీద పెట్టాడు. శిస్తు బాకీ కింద జప్తు చేసిన బిందె. దాని వెనుకే ఒకామె వచ్చి, వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు, కొంగు తలమీద కప్పుకుని బిందెవైపే చూస్తూ కూర్చుంది. నానమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. తాతగారు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎత్తకూడదని గట్టిగా అనుకున్నట్టు, ఒకే పేజీని ఎంతోసేపు చూస్తూ ఉండిపోయారు. తాతగారు చెడ్డవారు కారు. జమాబందీకి పైవాళ్ళు వస్తే లెక్క చెప్పవలసింది ఆయనే. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి బిందె అరుగు మీద లేదు. అది ఎటు వెళ్ళిందని నేను అడగలేదు.

కాబట్టి షుల్ట్సె అన్నది గౌరవమైన పేరు అని చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. 12, 13 శతాబ్దాల్లో తూర్పు ప్రాంతాల్లో కొత్త ఊళ్ళు కట్టడానికి జనాన్ని వెంటబెట్టుకుని వచ్చినవాడికే చాలాచోట్ల ఈ పదవి దక్కేది. దాంతోపాటు పన్నులేని పొలం, ఊరి న్యాయస్థానంలో వేసిన జరిమానాల్లో మూడో వంతు. తండ్రి తరువాత కొడుక్కి. పొలంతో ముడిపడ్డ ఆ వంశపారంపర్యపు హక్కును ప్రష్యాలో 1872లో జిల్లా పాలనాచట్టం తీసేసింది. మన దగ్గర మునసబు, కరణాలు 1984లో పోయారు. ఆ ఏడాది తాతగారు దస్త్రాలన్నీ మూటలు కట్టించి అప్పగించి వచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు అప్పుడు ఆయన మీద జాలి కలిగింది, ఇప్పుడూ కలుగుతోంది. వేపచెట్టు కింద కూర్చున్నామె ఆ వార్త విని ఏమనుకుందో అన్న ఆలోచన మాత్రం ఈ రాత్రే మొదటిసారి వచ్చింది. ఆమె వైపు నుంచి చూస్తే, ఉదయం నేను చదివిన ఆ సగం అర్థం అబద్ధమేమీ కాదు. ఊరిజనానికి షుల్ట్‌హైస్ అంటే గుమ్మంలోకి వచ్చిన బాకీయే.

అందాక ఆ పేజీల మీద పెట్టుకున్న కోపాన్ని కొంత వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వంశచిహ్నం మీద కోపం మాత్రం తీసుకోను.

అమ్మకు అక్కడ తెల్లవారిందని ఫోను చేశాను. కొలువు పోయి ఇన్నేళ్ళయినా ఊళ్ళో మనల్ని ఏమంటారని అడిగితే, "మునసబుగారివాళ్ళనే అంటారే, ఇంకేమంటారు" అంది. కాగితాల్లో మా ఇంటిపేరు వేరే; మేము పెట్టుకున్నది కాదు గాని, మునసబుగారివాళ్ళు అన్నదే నిలిచింది. ఆ బిందె ఆమె మనవలు కూడా అలాగే అంటూ ఉండాలి.

మామ్మగారికి ఇవ్వడానికి ఒక కాగితం మీద జర్మనులో రాసిపెట్టాను: షుల్ట్‌హైస్ అంటే ఏమిటి, అది ఎలా అరిగింది, సాయంత్రం నేను సగమే చెప్పాను, క్షమించండి అని. జరిమానాల్లో మూడో వంతు సంగతి ఒకసారి రాసి కొట్టేసి, మళ్ళీ రాశాను. రేపు ఉదయం కాగితం చేతికిచ్చేటప్పుడు మా తాతగారి బిందె సంగతి కూడా నోటితోనే చెబుతాను, ఆ ఇత్తడి పలక పక్కనే నిలబడి.