దూదికి మందు పట్టిన పది రోజులు

మా కుందేలు దూదికి కింది దవడ పన్ను ఒకటి ఎడమ వైపు మొనదేరి, నాలుకకు గుచ్చుకొని పుండు పడింది. పశువైద్యురాలు మత్తు ఇచ్చి ఆ మొనను అరగదీసి, నొప్పి తగ్గేందుకు పది రోజులు పట్టమని ఒక ద్రవ మందునూ సూది లేని 1 మి.లీ. సిరంజినీ ఇచ్చారు. పసిపిల్లలకు పట్టినట్టే పట్టవచ్చు కదా అనుకొని, మొదటి రోజు దాన్ని ఒళ్లో పెట్టుకొని, గడ్డం పైకెత్తి, మూతికి ఎదురుగా సిరంజి ఉంచి ఒక్కసారిగా తోసేశాను. దూది తల విదిలించి వరుసగా తుమ్మింది. ముక్కుపుటం అంచున మందు నురగ కనిపించింది. అంతకు మించి ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రంతా దాని ఊపిరి చప్పుడు వింటూ పక్కనే కూర్చున్నాను.

నేను చేసిన తప్పు ఎంత పెద్దదో మర్నాడు వైద్యురాలు వివరించాకే అర్థమైంది. కుందేలు దాదాపు పూర్తిగా ముక్కుతోనే ఊపిరి పీల్చుకొనే ప్రాణి కాబట్టి, నోట్లో మందు ఉన్నంతసేపూ దాని ఊపిరి ఆగదు. తల వెనక్కి వాలి ఉన్నప్పుడు గొంతులోకి ధారగా పడిన ద్రవం మింగుడు పడేలోపే శ్వాసనాళంలోకి జారి, న్యుమోనియాకు దారితీయవచ్చు. అందుకే తల మామూలుగా, నేలకు సమాంతరంగానే ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టడం మరీ ప్రమాదం. అలా పడుకోబెట్టినప్పుడు కుందేలు కదలకుండా ఉండిపోతుంది గానీ, అది నెమ్మది కాదు, భయంతో బిగుసుకుపోవడం.

రెండో రోజునుంచి ఒడి మానేసి నేల మీదికి దిగాను. మోకాళ్ల మీద కూర్చొని, జారని చాప మీద దూదిని నా మోకాళ్ల మధ్య, దాని వెనక భాగం నా వైపు ఉండేలా నిలిపితే, వెనక్కి నడవడానికి దానికి దారి ఉండదు. ఎత్తు మీదినుంచి దూకినా, పట్టులో గింజుకొని వెనక కాళ్లు బలంగా తన్నినా కుందేలు నడుము ఎముక విరిగే అవకాశం ఉందని తెలిశాక, బల్ల మీద పెట్టి పట్టే ఆలోచన పూర్తిగా వదులుకొన్నాను. మరీ గింజుకొనే కుందేలునైతే పల్చటి తువ్వాలులో చుట్టవచ్చు. అయితే ముక్కు బయట ఉండాలి, రొమ్ము మీద చుట్టు బిగియకూడదు, పని కాగానే విప్పేయాలి, ఎందుకంటే వేడికి ఈ ప్రాణి తొందరగా సొమ్మసిల్లుతుంది.

ఇక సిరంజి పెట్టవలసిన చోటు. కుందేలుకు ముందరి కొరుకుడు పళ్లకూ లోపలి దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. పెదవి మూలను వేలితో కొద్దిగా ఎత్తి, సిరంజి మొనను పక్కనుంచి ఆ ఖాళీలోకి, గొంతు వైపు కాకుండా నాలుక మీదుగా అడ్డంగా చూపాలి. దూదికి పుండు ఎడమ వైపు కాబట్టి నేను కుడి వైపునుంచే పెట్టేదాన్ని. రెండు మూడు చుక్కలు పడగానే దాని దవడ నమిలినట్టు కదలడం మొదలవుతుంది, పెదవి మీది మీసాలు ఆ కదలికతో పాటు వణుకుతాయి. ఆ నమలడం ఆగేదాకా మరో చుక్క తోయకూడదు. ఒక్కోసారి 0.1 లేదా 0.2 మి.లీ. చొప్పున పడితే మొత్తం మోతాదుకు రెండు నిమిషాలకు మించి పట్టదు.

సిరంజి గురించి ఎవరూ నాకు ముందు చెప్పని సంగతి ఒకటుంది. నాలుగైదు సార్లు కడిగేసరికి లోపలి రబ్బరు బిగుసుకుపోయి, ఎంత నెమ్మదిగా తోసినా కదలక, ఉన్నట్టుండి జారి మందంతా ఒక్కసారే చిమ్ముతుంది. ఐదో రోజు సింకు దగ్గర నీళ్లతో తోసి చూసినప్పుడు అలా చిమ్మడం చూసి గుండె ఝల్లుమంది, వెంటనే కొత్త సిరంజి తీసుకొన్నాను. అప్పటినుంచి ప్రతిసారీ నీళ్లతో ఒకసారి తోసి చూశాకే మందు నింపాను.

మోతాదు విషయంలో సీసా మీది అక్షరాలు చదవకుండా అడుగు వేయవద్దని వేడుకొంటున్నాను. నొప్పికి వాడే మెలాక్సికామ్ ద్రవం మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములదీ, 1.5 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది. సీసా మారిన సంగతి గమనించకపోతే మూడు రెట్లు పట్టేస్తాం, కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి అది వెనక్కి రాదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ వంటి మందును నోటి ద్వారా పట్టడం ఇంకా ఘోరం, అది పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తుంది. కొంత మందు బయటికి కారిపోతే అందాజుగా మళ్లీ పట్టకుండా వైద్యులను అడగాలి. దగ్గినా తుమ్మినా వెంటనే ఆపి, తల కిందికి వాల్చుకోనివ్వాలి. తర్వాత ఊపిరి బరువుగా, చప్పుడుతో వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పది పన్నెండు గంటలుగా మేత ముట్టకపోయినా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

పట్టడం అయ్యాక గడ్డం కింద తడి లేకుండా తుడిచి, ఎండుగడ్డి ముందు పెట్టేదాన్ని. మొదట్లో దూది దాన్ని వాసన చూసి వదిలేసేది. పదో రోజు ఒక పొడవాటి పోచను అందుకొని, దవడను పక్కకు జరుపుతూ, చివరిదాకా నమిలి, ఇంకొకటి లాక్కొంది.