బరంపురం నుంచి సైకాలజీ చదువుకి

ఒడిశాలోని మా బరంపురంలో సైకాలజీ చదువుతున్నానంటే "పిచ్చోళ్ల డాక్టరువి అవుతావా అమ్మా?" అని అడిగేస్తారు. కాదు పిన్నీ, మందులు రాసే సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేయాలి, నాది మందులు కాకుండా మాటలతో సాయం చేసే వేరే దారి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చేరాక స్టాటిస్టిక్స్ చూసి టెన్షన్ పడ్డాను, మనసు గురించి చదవడానికొస్తే ఈ లెక్కలేంటి అనిపించింది, కానీ ఒక ప్రశ్నావళి నిజంగా ఆందోళననే కొలుస్తోందా లేదా అన్నది తేల్చడానికి ఆ లెక్కలే కావాలి.

ఒకటి ముందే తెలుసుకోండి. ఉత్త ఎంఏతో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. నాకు డిగ్రీ అయ్యేదాకా ఈ మాట ఎవరూ చెప్పలేదు. స్కూల్ కౌన్సెలింగ్, హెచ్ఆర్, రీసెర్చ్ వైపూ వెళ్లొచ్చు.

నాకైతే బరంపురానికే తిరిగి రావాలనుంది. బడి, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ ఒడియాలో నడిచినా మా అమ్మమ్మ దిగులు చెప్పుకునేది తెలుగులోనే. "గుండెల్లో గాబరాగా ఉందే" అంటే దాన్ని ఒడియాలోకి మార్చి డాక్టరుకి చెప్పేది నేనే, సగం అర్థం దారిలోనే పోయేది. మనసు బాగాలేనప్పుడు ఫోన్‌లో సాయం తీసుకోవడానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఆవిడకి పెద్ద అంకెల్లో రాసి గోడకి అంటించాను, అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు. కానీ ఆవిడకి ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి.