ఊగే మంచం: నాలుగు సెకన్ల ఊపు కోసం

మందుమాత్రల ప్రమేయం లేకుండా గాఢనిద్రను పెంచే మార్గాలలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించినది ఊపు. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో మధ్యాహ్నపు కునుకుమీద, 2019లో 18 మంది యువతీయువకుల పూర్తి రాత్రి నిద్రమీద ప్రయోగాలు చేసి, మెల్లగా ఊగే మంచంమీద నిద్ర త్వరగా పడుతుందని, రాత్రంతా ఊగినప్పుడు గాఢనిద్ర పెరుగుతుందని మెదడు తరంగాల నమోదుతో చూపారు. రెండింటిలోనూ ఒక్కో ఊపుకు, అంటే అటు వెళ్లి ఇటు తిరిగి రావడానికి, పట్టిన కాలం నాలుగు సెకన్లు. నా పనికి ఆ నాలుగు సెకన్లే ఆధారం.

మా కోనసీమ మండువా ఇళ్ల ఉయ్యాల బల్ల అంత నెమ్మదిగా ఊగదు. ఊపుకు పట్టే కాలం గొలుసు పొడవునుబట్టి ఉంటుంది గాని, మనిషి బరువునుబట్టి కాదు. చిన్న ఊపులలో తోపు బలాన్నిబట్టి కూడా కాదు. మా దూలానికి వేలాడే గొలుసులు 2.2 మీటర్లు కాబట్టి ఊపు మూడు సెకన్లలోనే ముగుస్తుంది. నాలుగు సెకన్లు కావాలంటే దాదాపు నాలుగు మీటర్ల గొలుసు ఉండాలి. అంత ఎత్తు దొరికింది పెరట్లోని కొబ్బరికాయల షెడ్డులోనే.

నవారు మంచానికి నాలుగు మూలలా సమానమైన గొలుసులు నిట్టనిలువుగా వేశాను. ఇలా వేస్తే మంచం ఒరగకుండా అడ్డంగా మాత్రమే కదులుతుంది. కొబ్బరి తాడైనా నైలాను తాడైనా బరువుకు సాగుతుంది, అందుకే గొలుసే మేలు. కొక్కేలు కిర్రుమనకుండా ప్రతిదానికీ గ్రీజు పెట్టిన బేరింగు వేయించాను. దోమతెరను షెడ్డుకు కాక మంచం చట్రానికే కట్టాలి. లేకపోతే ప్రతి ఊపుకూ లాగుతుంది. మంచం నేలకు 45 సెంటీమీటర్లకన్నా ఎత్తు లేకపోవడం క్షేమం.

చేత్తో తోసిన ఊపు కాసేపటికి ఆగిపోతుంది. అందుకని నిమిషానికి 15 చుట్లు తిరిగే గేరు మోటారు పెట్టి, దాని ఇరుసుకు 5 సెంటీమీటర్ల చేయి బిగించాను. మంచం ఈ చివరనుంచి ఆ చివరకు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. గొలుసు సహజమైన ఊపూ మోటారు ఊపూ ఒకటే కావడంతో, మోటారు రాపిడిలో పోయిన శక్తిని పూరిస్తే చాలు, మంచాన్ని లాగవలసిన పని ఉండదు. పొడవు కోసం ఇంత పట్టుపట్టడానికి ఇదీ ఒక కారణమే. మోటారు కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేశాక రొద బాగా తగ్గింది.

ఫలితాన్ని చేతి గడియారంతో కొలవడం నాకు నమ్మకంగా లేదు. నిద్రను అది కదలికను చూసి అంచనా వేస్తుంది, ఇక్కడ మంచమే కదులుతోంది. పడుకున్న వేళ, మెలకువలు, లేచిన వేళ పుస్తకంలో రాసుకుంటూ, మోటారు ఆపిన రాత్రులను కూడా మధ్యమధ్య కలుపుతున్నాను. నిద్ర పట్టడంలో తేడా స్పష్టంగా తెలుస్తోంది. తెల్లవారుజామున మెలకువ మాత్రం తగ్గలేదు. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి, ఎందుకంటే ఈ ఊపు పనిచేసేది లోచెవిలోని సమతూక అవయవాల ద్వారానే.

ఇప్పుడు మోటారు చేతికి 3, 4 సెంటీమీటర్ల దగ్గర కూడా రంధ్రాలు వేయించి, తక్కువ దూరపు ఊపుతో పోల్చి చూస్తాను.